మూడో పేజీలో పేరా

ఆ ఈమెయిల్ వచ్చినప్పుడు ఉజ్వల పప్పులోకి పోపు పెడుతోంది.

మార్చి నెల, శుక్రవారం, పొద్దున్న తొమ్మిదిన్నర. స్టవ్ పక్కన తెరిచిపెట్టిన లాప్‌టాప్ టింగుమంది. తల తిప్పి చూస్తే యూనివర్సిటీ పేరు, దాని కింద ‘కంగ్రాచులేషన్స్’ అన్న మాట. ఆ మాట తరువాత గరిటె ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. ఆవాలు చిటపటలాడి ఊరుకున్నాయి, ఎండుమిరపకాయలు నల్లబడ్డాయి, పొగ లేచింది, సీలింగుకున్న అలారం గుక్కపెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఉజ్వల కుర్చీ ఎక్కి ఒక చేత్తో చున్నీ విసురుతూ, రెండో చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుంది.

"అనూప్! వచ్చేసింది!"

"ఏందది, ఆ అరుపేంది? ఫైర్ ఇంజనా?"

"కాదు, పోపు! సీటొచ్చింది! ఎమ్మే ఇంగ్లీష్‌లో సీటు! ఫీజు కూడా కట్టక్కర్లేదట!"

 అవతల అనూప్ ఆఫీస్‌లో ఎవరితోనో "మై వైఫ్! మై వైఫ్!" అని అరవడం వినబడింది. పెళ్ళయి పది నెలలయింది కానీ, అతను అలా ‘మై వైఫ్’ అన్నప్పుడల్లా ఉజ్వలకు ఇప్పటికీ కాళ్ళు నేల మీద ఆనవు.

అసలు అమెరికాలో ఈ మోరిస్‌విల్ వచ్చిన దగ్గరనుంచి ఆమె ప్రతి చిన్నదానికీ పొంగిపోతూనే ఉంది. డ్రయర్‌లోంచి తీసిన వేడి దుప్పటి, ఒకేసారి ఇరవై పుస్తకాలు ఇచ్చే లైబ్రరీ, అపార్ట్‌మెంట్ వెనక చెరువులోంచి లేచి తమ సొంత రోడ్డన్నట్టు అడ్డంగా నడిచే బాతులు, కూరగాయల మీద ఉరుము చప్పుడు చేసి మరీ నీళ్ళు చిలకరించే సూపర్ మార్కెట్. లేనిదల్లా తనదని చెప్పుకునే పని. అనూప్ హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద వచ్చాడు, ఆమె అతని వెనక డిపెండెంట్ వీసా మీద వచ్చింది. ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. ఎవరైనా ‘నువ్వేం చేస్తుంటావు?’ అని అడిగితే నవ్వి ఊరుకునేది. ఇప్పుడు జవాబు దొరికింది.

పొగ తగ్గాక కూర్చుని మొత్తం చదివింది. అధికారికమైన ఉత్తరం కింద ప్రొఫెసర్ హోల్కమ్ అనే ఆవిడ సొంతంగా కొన్ని మాటలు రాసింది. రొమాంటిక్ కవిత్వం మీద ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి. ‘మీరు దరఖాస్తుతో పంపిన వ్యాసంలో మూడో పేజీ పేరా దగ్గర ఆగిపోయాను. ఈ ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఇంత సూటిగా చెప్పగా వినలేదు. వచ్చే గురువారం సాయంత్రం నాలుగింటికి నేనిచ్చే ప్రసంగంలో మీ పేరు చెప్పి ఆ పేరా చదవాలనుకుంటున్నాను. సోమవారం పదింటికి వచ్చి కలవగలరా?’

ఉజ్వల ఆ మాటలు మూడుసార్లు చదువుకుంది. బాతులకు కూడా చదివి వినిపించాలనిపించింది. ఇంతకీ ఆ పేరాలో తానేం రాసిందో మళ్ళీ చూసుకుందామని ఫైల్ తెరిచింది.

ఆ వ్యాసం ఇంగ్లీషులో రొమాంటిక్ కవిత్వం మొదలైన తీరు గురించి. ఆ పేరా తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘పాత కవులు కొండను చూస్తే దేవతలను పిలిచేవారు. కొత్త కవులు కొండను చూసి కొండ అన్నారు. ఈ మార్పు ఇద్దరు స్నేహితులు కలిసి, తమ పేర్లు వేసుకోకుండా ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించిన రోజున వచ్చిందంటారు. నిజానికి అంతకు ముందే వచ్చింది. వారిలో ఒకరి చెల్లెలు రొట్టెలు కాల్చి, చొక్కాలు కుట్టి, ఆ మధ్యలో తాను చూసింది చూసినట్టు ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. అచ్చుకోసం కాదు, అన్న సంతోషిస్తాడని. అన్న ఆ పుస్తకం తెరిచి చూసుకుని కవితలు రాశాడు. కొత్త కవిత్వం కొండ మీద పుట్టలేదు, పొయ్యి దగ్గర పుట్టింది.’

ఎంత బాగుంది, అనుకుంది. పైకే చదివింది. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి తన గొంతు మారింది. చదువుతున్నట్టు లేదు, ఎవరో చెబుతుంటే రాసుకుంటున్నట్టు ఉంది. ‘కొండను చూసి, కామా, కొండ అన్నారు, ఫుల్‌స్టాప్.’

ఆ చెబుతున్న గొంతు ఎవరిదో ఉజ్వలకు తెలిసిపోయింది.

అది భీమవరం కాలేజీ. ఇండియాలో చేసిన ఎమ్మే, మొదటి సంవత్సరం. జ్ఞానప్రసూన మేడమ్ కుర్చీలో కూర్చోరు, కిటికీ దగ్గర నిలబడి, బయటికి చూస్తూ నోట్స్ చెబుతారు. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా చెబుతారు. ముప్ఫై ఇద్దరు తలలు వంచుకుని రాసుకుంటారు. ఆ నోట్స్ అచ్చులో ఎక్కడా లేవు. సీనియర్ల నుంచి జూనియర్లకు జిరాక్సుల్లో తిరుగుతూ ఉంటాయి. పరీక్షలో అందరూ అవే వాక్యాలు రాస్తారు. ‘మా మేడమ్ చెప్పినట్టు’ అని ఎవరూ రాయరు. రాస్తే దిద్దేవాళ్ళు నవ్వుతారు. ఆవిడ మాట పొల్లుపోకుండా రాయడమే అక్కడ ఆవిడకు చేసే నమస్కారం. ఉజ్వల ఆ పేరా బట్టీపట్టి రాసింది. ఆ పేపర్లో క్లాసుకే ఫస్టు వచ్చింది.

డిసెంబరులో, లైబ్రరీలో కూర్చుని ఈ వ్యాసం రాసినప్పుడు ఆమెకు ఇవేవీ గుర్తు లేవు. రెండు పేజీలు తంటాలు పడి రాశాక, ఉన్నట్టుండి చేయి పరుగెత్తింది. ఇవాళ నాకు భలే కుదురుతోందే అనుకుని, ఆ సంతోషంలో మెషిన్‌లోంచి చాక్లెట్ కూడా కొనుక్కుంది. దరఖాస్తు చివర ‘ఈ వ్యాసం పూర్తిగా నా సొంతం, కాకపోతే ప్రవేశం రద్దు చేయవచ్చు’ అన్న వాక్యం పక్కన గడిలో హాయిగా టిక్కు పెట్టింది.

సాయంత్రం అనూప్ గులాబీ రంగు క్రీముతో కేకు తెచ్చాడు. దాని మీద ‘ప్రొఫెసర్ ఉజ్వల’ అని రాయించాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు షూ విప్పుతూ. "రొమాంటిక్ కవిత్వమంటే మన ఎంగేజ్‌మెంట్ టైంల నేను పంపిన ఎస్సెమ్మెస్‌లేనా?"

"అవి కవిత్వం కావు, వాతావరణ వార్తలు. ‘ఇక్కడ స్నో పడ్తుంది, తిన్నవా?’"

"దాంట్లనే ప్రేమ ఉంది పిల్లా. నీకర్థం కాలె."

ఉజ్వల నవ్వింది. కేకు కోసింది. చెబుదామనుకుంది. అతని ముక్కు మీద గులాబీ క్రీము అంటుకుని ఉంది. ఈ ఒక్క పూట పోనీ, రేపు చెబుదాం అనుకుంది.

మరునాడు శనివారం కామేశ్వరి ఆంటీ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. కామేశ్వరి ఆంటీ మత్తు డాక్టరుగా చేసి రిటైరయిన మనిషి. నలభై ఏళ్ళ కిందట ఈ దేశం వచ్చారు. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ప్రతి జంటకూ మొదటి కరివేపాకు మొక్క ఆవిడే ఇస్తారు. అనూప్ ముందురోజే ఫోన్ చేసి చెప్పేశాడు. పులిహోర గిన్నెతో ఉజ్వల గుమ్మంలో అడుగు పెట్టగానే ఆంటీ చప్పట్లు కొట్టారు.

"ఇదిగో మన ఇంగ్లీష్ దొరసాని! ఇంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళ మధ్య ఒక్క పుస్తకాల పిల్ల దొరికింది నాకు. ఆ ప్రొఫెసర్ నీ గురించి లెక్చర్ ఇస్తుందటగా?"

"నా గురించి కాదాంటీ. ఒక పేరా..."

"ఆ పేరాయే చెప్పవే. మేమూ వింటాం."

"ఇప్పుడా? వద్దాంటీ."

"సిగ్గేమిటే! చెప్పు."

ప్లేట్లు చేతుల్లో పట్టుకుని పదిహేను మంది ఆమె వైపు తిరిగారు. అనూప్ ఫోన్ తీసి వీడియో పట్టాడు. ఉజ్వల చెప్పింది. తడుముకోకుండా చెప్పింది. ఎలా తడుముకుంటుంది? కళ్ళ ముందు కిటికీ, కిటికీ దగ్గర జరీ అంచు నేతచీరలో ఒక వీపు కనిపిస్తున్నాయి. ‘పొయ్యి దగ్గర పుట్టింది’ అనగానే ఆడవాళ్ళంతా ‘అబ్బ!’ అన్నారు.

ఆంటీ భర్త చక్రపాణి అంకుల్ గారె తుంచుతూ అడిగారు. "ఈ కవులకు ఉద్యోగాలుండేవా అమ్మా?"

"పెద్దగా లేవంకుల్. కొండల్లో నడుస్తూ ఉండేవాళ్ళు."

"మరి ఇల్లెవరు నడిపేవారు?"

"చెల్లెలు."

అందరూ గొల్లుమన్నారు. "ఆ చెల్లెలికి పేరొచ్చిందా?" అన్నారు ఆంటీ, నవ్వకుండా.

ఉజ్వల పులిహోర గిన్నె బల్ల మీద పెట్టింది. "తరువాత... చాలా తరువాత," అంది.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో చెప్పేసింది. అనూప్ పార్కింగ్ లాట్‌లో ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మొత్తం విన్నాడు. విని, తేలిగ్గా ఊపిరి వదిలాడు.

"ఇంతేనా? నేనేదో వీసా ప్రాబ్లమ్ అనుకున్న. నోట్సే కద ఉజ్జూ. క్లాసుల చెప్పింది. నెట్‌ల దొరికిన కోడ్ పెట్టని ప్రోగ్రామర్ నాకొక్కడ్ని చూపించు."

"ఆ కోడ్‌ని ఎవడైనా స్టేజి మీద నిలబడి నీ పేరుతో చదువుతాడా?"

"సరే, ఇట్ల చెయ్. ‘మా మేడమ్ ప్రభావం కొంత ఉంది’ అని మెయిల్ కొట్టు. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. సీటుకేం కాదు."

"ఆ చెల్లెలికి కూడా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టారు అనూప్. ప్రభావం."

"ఏ చెల్లె? అబ్బ, రెండొందలేండ్ల కిందటి లొల్లి మనకెందుకు? ఇది మన లైఫ్. పది నెలల్నుంచి నువ్వు పొద్దున పూట బాల్కనీల నిలబడి నా కార్ పోయేదాంక చూస్తుంటవ్. మిర్రర్‌ల చూస్తున్న నేను. నీకొకటి దొరికింది. దాన్ని నీ చేత్తోనే పారేసుకుంటవా?"

 పెళ్ళయ్యాక మొదటిసారి, ఒకే కార్‌లోంచి దిగి ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు.

మనసును ఒప్పించుకోవడానికి ఉజ్వల చాలా దారులు వెతికింది. పదిహేను పేజీల వ్యాసంలో ఒక్క పేరా. మిగతాదంతా తను చెమటోడ్చి రాసుకున్నదే. మేడమ్‌కి ఎప్పటికీ తెలియదు. తెలిసినా కోప్పడే మనిషి కాదు. ప్రతి దారీ కొంత దూరం బాగానే సాగి, చివర ఆ టిక్కు పెట్టిన గడి దగ్గరికే వచ్చి ఆగింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, అక్కడ సాయంత్రమవుతుందని లెక్కచూసుకుని, పాత స్నేహితురాలి దగ్గర సంపాదించిన నంబరుకు ఫోన్ చేసింది. అనూప్ సోఫాలో పేపరు అడ్డం పెట్టుకుని, చదువుతున్నట్టు కూర్చున్నాడు.

"ఎవరూ?"

"నేను మేడమ్, ఉజ్వలని. రెండువేల ఎనిమిది బ్యాచ్..."

"రెండో బెంచీ, కిటికీ పక్క. క్లాసులో జామకాయలు తినేదానివి."

"మీకు తెలుసా మేడమ్!"

"వాసనొచ్చేది కదమ్మా. ఎక్కడున్నావు? పెళ్ళయిందా?"

ఉజ్వల ఒక్కొక్కటిగా చెప్పింది. పెళ్ళి, మోరిస్‌విల్, సీటు. పేరా దగ్గరికి వచ్చేసరికి ఫోన్ పెట్టేద్దామనిపించింది. అయినా చెప్పింది. ఫోన్లో వెనక మోగుతున్న టీవీ సీరియల్ చప్పుడు తగ్గింది, ఆ తరువాత పూర్తిగా ఆగిపోయింది.

"ఆవిడేమందీ?" అన్నారు మేడమ్.

"ఎవరు మేడమ్?"

"ఆ ప్రొఫెసరు. ఏమన్నదో ఉన్నదున్నట్టు చదువు. ఇంగ్లీషులోనే చదువు."

ఉజ్వల చదివింది.

"ముప్ఫై ఏళ్ళలో, అందా?"

"అంది మేడమ్."

"ఇంకోసారి చదువు."

ఇంకోసారి చదివింది.  

"ఎనభై ఏడులో దాన్ని వ్యాసంగా రాసి మద్రాసులో ఒక పత్రికకు పంపాను," అన్నారు మేడమ్. "తిరిగొచ్చింది. ‘క్లాసు నోట్సులా ఉంది’ అని చిన్న చీటీ పెట్టారు. సరే నోట్సే కాబోలు అనుకుని, రిటైరయ్యేదాకా నోట్సుగానే చెప్పాను. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు, అది నేను ఆలోచించిందని. పుస్తకాల్లోంచి చూసి చెబుతున్నాననుకునేవాళ్ళు."

"నేను కూడా అలాగే అనుకున్నాను మేడమ్."

"అనుకోవూ మరి! నేనెప్పుడైనా చెప్పానా?"

"రేపు ఆవిడకు మీ పేరు చెబుతాను మేడమ్."

"చెబితే నీ సీటు?"

"తెలీదు."

"అయితే చెప్పకు. పిచ్చి పనులు చేయకు. నాకిప్పుడు పేరెందుకు? షుగరు, మోకాళ్ళు, సాయంత్రం ఈ దిక్కుమాలిన సీరియల్. నువ్వు చిన్నదానివి. నీకిచ్చేశాననుకో. మంచి పెళ్ళికానుక. ఆయన బాగా చూసుకుంటున్నాడా?"

"బాగా చూసుకుంటారు మేడమ్." సోఫాలో పేపరు కదిలింది.

"మరి ఉంటాను తల్లీ. నీకు బిల్లవుతుంది." అన్నారే గానీ, పెట్టేయలేదు. "అమ్మాయ్, ఆ ప్రసంగం ఏ రోజన్నావు?"

"గురువారం మేడమ్. సాయంత్రం నాలుగింటికి."

"అంటే మనకు?"

"రాత్రి ఒంటిగంటన్నర."

"మేలుకునే ఉంటాలే," అన్నారు మేడమ్. "ఎలాగూ నిద్రపట్టదు నాకు. ఆ టైముకి అక్కడ చదువుతూ ఉంటుంది కదా అనుకుంటాను."

 ఫోన్ పెట్టేశాక ఉజ్వల లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. దొంగతనం చేసినప్పుడు తిట్టేవాళ్ళుంటే ఎంతో సుఖం. ఈ మనిషి తలుపు తీసి, లైటు వేసి, ఇంకేమైనా కావాలా అని అడిగింది. కానుక అన్నది. కానుక ఇచ్చినవాళ్ళు అది ఎన్ని గంటలకు చదువుతారో అడిగి మరీ మేలుకుని కూర్చుంటారా? ఆ నోటుపుస్తకం రాసుకున్న చెల్లెలు కూడా అన్నకు సంతోషంగానే ఇచ్చి ఉంటుంది. అన్న కవితలు చదువుతున్నప్పుడు పొయ్యి దగ్గర నిలబడి ఏమనుకుందో అడిగినవాళ్ళు లేరు.

 మధ్యాహ్నం భోజనం దగ్గర అనూప్ రెండుసార్లు ఏదో చెప్పబోయి మజ్జిగ పోసుకున్నాడు. ఆమె లాప్‌టాప్ తెచ్చుకుని, మూడో పేజీ పేరా తీసేసి, మిగిలిన వ్యాసం మొదటినుంచి చదువుకుంది. మధ్యలో గుంట పడ్డ రోడ్డులా ఉంది. అయినా పూర్తిగా విరిగిపోలేదు. ఏడో పేజీ బాగానే ఉంది. పదకొండో పేజీలో పల్లెటూరి మనుషుల మాట కవిత్వంలోకి వచ్చిన సంగతి రాసింది. అది నిజంగా తనదే, అనుమానం లేదు. ఇంత మాత్రానికి సీటు వచ్చేదా? తెలియదు. తనకు తెలియకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆ పేరా లేకుండా తను ఎంత మనిషో ఇప్పటిదాకా ఎవరూ కొలిచి చెప్పలేదు.

సాయంత్రం అనూప్ రెండు కప్పుల టీతో బాల్కనీలోకి వచ్చాడు. చక్కెర ఎక్కువ వేశాడు. రాజీకి వచ్చినప్పుడల్లా ఎక్కువే వేస్తాడు.

"ఫోన్‌ల మీ మేడమ్ చెప్పింది కద, చెప్పకు అని," అన్నాడు మెల్లగా. "పేపర్ వెనక నుంచి విన్న. ఆమెనే వద్దన్నంక ఇంకేంది నీకు?"

"వద్దన్నారు. తరువాత టైమెంతని అడిగారు. అది విన్నావా?"

అనూప్ కప్పులోకి చూశాడు. "విన్న," అన్నాడు.

"రేపు ఆ ప్రొఫెసర్ మాట మొదలుపెట్టకముందే నేను చెప్పేస్తాను. ఆ పేరా జ్ఞానప్రసూన గారిది. ఇరవై ఏళ్ళకు పైగా క్లాసులో చెప్పారు, నేను రాసుకున్నాను, బట్టీపట్టాను, నాదనుకున్నాను. గురువారం చదివితే ఆ పేరుతో చదవండి, లేకపోతే చదవకండి అంటాను. మిగతా పేజీలు మళ్ళీ చూసి నాకు సీటివ్వాలో లేదో మీరే తేల్చండి అంటాను. పేరా తీసేసిన కాపీ ప్రింట్ తీసి పట్టుకెళ్తాను."

"తీసేస్తే? సీటు?"

"తీసేస్తే ఇంటికొచ్చి ఏడుస్తాను. చాలా ఏడుస్తాను అనూప్. ఇప్పట్నుంచే భయంగా ఉంది. అందుకే నువ్వు రేపు లీవ్ పెట్టాలి."

"రేపు ఆఫీస్‌ల సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది నాకు."

"తెలుసు."

అతను ఫోన్ తీశాడు. కేలండరు తెరిచి, నుదురు రుద్దుకుని, ఏవో రెండు మీటింగులు వెనక్కి జరిపాడు. మేనేజర్‌కి మెసేజ్ టైప్ చేశాడు, చెరిపాడు, మళ్ళీ టైప్ చేసి పంపించాడు.

"పొద్దున పూట మాత్రం లీవ్ దొరికింది," అన్నాడు. "పదింటికి కద అపాయింట్‌మెంట్. ఆ క్యాంపస్‌ల పార్కింగ్ దొరకదు. ఎనిమిదిన్నరకే బయల్దేరుదాం, దార్ల ప్రింట్ తీసుకుందాం. నువ్వు లోపటికి పో, నేను మెట్ల మీద కూసుంట."